ఆగయ్య చేసిన కొండ సైకిల్

"ముందు గొట్టం మళ్ళీ విరిగితే? ఈసారి కూడా గడ్డానికి దెబ్బతో సరిపోతుందని ఎవరు చెప్పగలరు?"

అనంతగిరి కొండ కింద, ఎర్రమట్టి దారి చివర నిలబడి ఈ మాట పైకే అనేశాను. చంకలో మా అబ్బాయి బన్నీ ఉన్నాడు. వాడికి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. పైన చెట్ల వెనక ఎక్కడో మా ఆయన రఘురామ్ సైకిలెక్కడానికి సిద్ధమవుతున్నాడు. ఆ సైకిల్ చేసిన మనిషి నా పక్కనే, చెప్పులు విడిచి మట్టిలో నిలబడి కొండవైపు చూస్తున్నాడు.

"విరగదు బిడ్డా," అన్నాడు. ఆ వెంటే, "విరగొద్దు," అన్నాడు.

ఆ రెండో మాట వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆ మనిషి పేరు ఆగయ్య. పాతబస్తీలోని గౌలిపుర పాలవాళ్ళ ఇంట్లో పుట్టాడు. మీసాలు రాకముందే సైకిల్ వెనక రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకొని, తెల్లవారేసరికి శాలిబండ సందులన్నీ తిరిగి పాలు పోసొచ్చేవాడు. వెళ్ళేటప్పుడు బుద్ధిమంతుడే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం శాలిబండ ఎత్తు మీద నుంచి కాళ్ళు పైకెత్తి, బ్రేకు పట్టకుండా, ఖాళీ క్యాన్లు దడదడలాడిస్తూ కిందికి దిగేవాడట. ఆ మోత వినగానే దుకాణాల వాళ్ళు అరుగుల మీది సామాను లోపలికి జరుపుకొనేవారని ఆయనే గర్వంగా చెప్పేవాడు.

తొంభైల్లో ఇంటింటికీ ప్యాకెట్ పాలు వచ్చాక వాడుక ఇళ్ళు తగ్గిపోయాయి. ఉన్న నాలుగు బర్రెలనూ భార్య నాగమణమ్మకు వదిలేసి, ఆగయ్య శాలిబండ ఎత్తు మీదే సైకిల్ దుకాణం పెట్టాడు. గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు.

"బర్రెలు పాలన్న ఇస్తయ్. నీ ఇనుము ఏమిస్తది?" అని నాగమణమ్మ దెప్పేది.

"గాలిస్తది. మొఖానికి సల్లగ!" అనేవాడు ఆగయ్య.

మేము గుంటూరు వైపు వాళ్ళం. రఘురామ్‌కు టెలిఫోన్ల ఆఫీసులో ఉద్యోగం, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆగయ్య దుకాణానికి ఎదురుగా మేడ మీద అద్దెకుండేవాళ్ళం. రెండు వేల నాలుగులో రఘురామ్‌కు కొత్త పిచ్చి పట్టింది. ఆదివారం పూట స్నేహితులతో ఊరి బయట గుట్టలకు వెళ్ళి, రాళ్ళ దారిలో సైకిళ్ళ మీద కిందికి దిగడం. దారిలో బండ అడ్డొస్తే దాని మీద నుంచి దూకడం. దానికోసం ఎవరో బెంగళూరు నుంచి తెచ్చిన పాత విదేశీ సైకిల్ ఒకటి కొన్నాడు. ముందు చక్రానికి లావుపాటి స్ప్రింగు కాళ్ళు, వెడల్పాటి టైర్లు. బ్రేకు బాగు చేయించడానికి దాన్ని ఆగయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆగయ్య ఒంటిచేత్తో లేపబోయి, లేవక, రెండో చెయ్యి కూడా వేశాడు.

"అబ్బో! గిది సైకిలా, బర్రె దూడనా రఘు సారూ?"

"కొండ దిగడానికి చేసింది ఆగన్నా. గట్టిగా ఉండాలిగా మరి."

"దిగుడు సరే. పైకెట్ల ఎక్కిస్తవ్?"

"భుజాన వేసుకొని."

"గిదాన్నా? ఎక్కేటాల్లకే నీ రెక్కలు పోతయ్. రెక్కలు పోయినంక హ్యాండిల్ ఎట్ల పడ్తవ్? పడి సస్తవ్!"

అదీ అసలు చిక్కు. మన గుట్టల మీదికి సైకిల్‌ను చేరవేసే బండ్లు లేవు. దిగాలంటే ముందు మోయాలి. అలసిన చేతులతో దిగేవాడే పడతాడు. ఫ్రేము తేలికైతే సైకిల్ మీదున్న మనిషికి ప్రమాదం తగ్గుతుందన్నమాట. ఈ సంగతి పట్టుకున్నప్పటి నుంచి ఆగయ్యకు నిద్ర లేదు. స్ప్రింగు కాళ్ళు, చక్రాలు పాతవే ఉంచి, మధ్యలోని ఫ్రేము మొత్తం కొత్తగా చేస్తానని పట్టుపట్టాడు. సన్నటి గోడ ఉన్న స్టీలు పైపులు వెతికి తెచ్చాడు. అతుకు పెట్టే చివర్లలో మాత్రం లోపల ఇంకో పైపు ముక్క దూర్చేవాడు. నడిమి భాగం పల్చగా, కొనలు మందంగా ఉండేవి. చేసిన ప్రతి ముక్కనూ నాగమణమ్మ దాణా తూచే కొక్కెం త్రాసుకు తగిలించి చూసేవాడు.

"బర్రెలకు దాణా లేదు గని, సైకిల్‌కు తూకాలు," అని ఆవిడ త్రాసు లాక్కునేది. సాయంత్రానికి అది మళ్ళీ దుకాణంలో వేలాడేది.

మొదటి ఫ్రేము ముస్తాబైన రోజు సందంతా పండగే. రఘురామ్ దాన్ని ఒంటిచేత్తో లేపి తల మీద పెట్టుకొని తిరిగాడు. నేను కూడా మురిసిపోయాను. మరుసటి ఆదివారం గండిపేట దాటాక ఒక గుట్ట మీద దాన్ని దింపారు. మొదటి బండ దూకింది. రెండోదీ దూకింది. మూడో దాని దగ్గర, హ్యాండిల్‌కు కాస్త వెనగ్గా, ముందు గొట్టం చీలిపోయింది. రఘురామ్ గడ్డానికి కుట్లు పడ్డాయి.

విరిగిన ఫ్రేమును ఆగయ్య ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. "నా అతుకు ఇడువలే. అతుకు పక్కన పైపు శీరింది. ఎందుకు?"

ఎందుకో ఆ ఫ్రేమును పక్క నుంచి చూస్తే నాకు తెలిసింది. అది పాలవాడు చేసిన సైకిల్. బలమంతా వెనకే ఉంది. వెనక చక్రానికి అటూ ఇటూ జంట గొట్టాలు, వాటికి అడ్డంగా ఊతం. జీవితమంతా వెనక క్యాన్లు మోసిన చేతులు తెలియకుండానే క్యాన్ల కోసం ఫ్రేము కట్టాయి. సుద్దముక్క తీసుకొని దుకాణం నేల మీద బొమ్మ గీశాను, బాణాలు వేశాను. బ్రేకు పట్టినా, బండ మీద నుంచి దిగినా బరువు ముందు చక్రం మీదికి ఎలా వస్తుందో చెప్పాను.

"బాణాలు మంచిగున్నయ్," అన్నాడు ఆగయ్య. "గని గిన్నేండ్ల సంది సైకిల్ తొక్కుతున్న. ఎప్పుడు విరిగినా ఎనకనే విరిగింది బిడ్డా."

లెక్క వేసి ముందు గొట్టం మందం పెంచాలన్నాను. పెంచితే తగ్గించిన బరువంతా తిరిగొచ్చింది. ఇద్దరం ఆ సుద్ద గీతల ముందు బిక్కమొహాలు వేసుకున్నాం.

అంతలో దీపావళి వచ్చింది. దాని వెంటే సదర్. పాలవాళ్ళు తమ దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు, మెడలో గవ్వల దండలు కట్టి ఊరేగించే పండగ. నాగమణమ్మ మమ్మల్ని గౌలిపురకు పిలిచింది. మధ్యాహ్నం ఒక పెద్ద దున్నను లారీలో తెచ్చారు. వెనక తలుపు తీసి, చెక్క పలకలు ఏటవాలుగా వేశారు. దున్న దిగడం మొదలుపెట్టింది.

ముందరి కాళ్ళు బిగిశాయి. భుజాలు ఉబ్బాయి. పలకలు కిర్రుమన్నాయి. వెనక కాళ్ళు మాత్రం ఊరికే ఆనినట్టు ఉన్నాయి.

ఆగయ్య చేతిలోని చాయ్ ఒలికిపోయింది. "ఆగుండ్రి, ఆగుండ్రి! జర మళ్ళ ఎక్కించుండ్రి!"

"ఏందే ఆగన్నా, మజాకా? దీన్ని ఎక్కించేటాల్లకు మా పానం పోయింది!" అన్నాడు లారీ దగ్గరి మనిషి.

"ఈయనకు సైకిల్ దయ్యం పట్టింది. పట్టించుకోకుండ్రి," అంది నాగమణమ్మ.

ఇంకో లారీ వచ్చేదాకా ఆగయ్య కదల్లేదు. రెండో దున్న దిగుతుంటే నేల మీద గొంతుక్కూర్చుని చూశాడు. ఉన్నట్టుండి నావైపు తిరిగి అరిచాడు.

"బిడ్డా! నీ బాణాలు గివ్వే కదా! అగో, మెడ కింద సూడు. మెడకు, రొమ్ముకు నడుమ కండ ఎట్లుందో!"

నేనూ అరిచాను. "గొట్టం అంతా లావు చెయ్యక్కర్లేదు ఆగన్నా! వంచే బలం పడేది ఆ మూలలోనే. అక్కడ ఒక్క పలక చాలు!"

"ఎనకాల జంట గొట్టాలు తీసేస్త!"

"తీసెయ్యండి!"

పక్కన డప్పులు మోగుతుంటే మేమిద్దరం దున్న ముందు నిలబడి చేతులూపుకుంటూ కేకలు పెట్టుకున్నాం. రఘురామ్ గడ్డం కుట్లు తడుముకుంటూ మమ్మల్ని చూసి నవ్వాడు.

రెండో ఫ్రేముకు హ్యాండిల్ మెడ కింద మూడు మూలల స్టీలు పలక వచ్చింది. వెనక ఊతం పోయింది, జంట గొట్టాల చోట ఒంటి గొట్టాలే మిగిలాయి. త్రాసుకు తగిలిస్తే మొదటిదానికంటే తేలిక! నాగమణమ్మ తానే వచ్చి లేపి చూసి, "నా పాల బకెట్ దీనికన్న బరువుంటది," అంది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెప్పు రాదని ఆగయ్య ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

అనంతగిరి వెళ్ళిన ఉదయం మిగతావాళ్ళు సైకిళ్ళు మోస్తూ రొప్పుతుంటే, రఘురామ్ తనది భుజాన వేసుకొని కబుర్లు చెబుతూ ఎక్కాడు. బన్నీతో ఆగయ్యా, నేనూ వెనకే ఎక్కాం. పైకి చేరాక మాత్రం నేను సైకిల్ సీటు వదల్లేదు. ఆ ముందు పలకను మళ్ళీ మళ్ళీ చూశాను, తడిమాను. రఘురామ్ "ఇక వదులు సుధా" అన్నా నా వేళ్ళు సడలలేదు.

అప్పుడు ఆగయ్య బన్నీని ఎత్తి నా చేతికిచ్చాడు. "ఎనక పట్టుకుంటే ఏం ఫాయిదా లేదు బిడ్డా. బరువు ముందల పడ్తది కదా, నువ్వే చెప్తివి. కిందికి పోదాం పా. ఆయన దిగే కాడ నిలబడుదాం."

అలా దిగొచ్చి, ఆ ఎర్రమట్టిలో నిలబడి, నా భయం నేను పైకే అనేశాను.

పైన ఈల వినిపించింది. కొమ్మల మధ్య ఏదో మెరిసింది. చెట్లు దాటి రఘురామ్ బయటపడ్డాడు. మొదటి మలుపు, రాళ్ళ వరస, ధూళి. మనిషెత్తు బండ అంచుకొచ్చి గాల్లోకి లేచాడు. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూతపడలేదు. ముందు చక్రం నేలను తాకింది. స్ప్రింగు కాళ్ళు చివరిదాకా కుంగాయి. గొట్టం చీలిన చప్పుడు కోసం నా చెవులు ఎదురుచూశాయి.

టైర్ల గరగర తప్ప ఏమీ లేదు.

"హా!" అని అరిచాడు ఆగయ్య. రఘురామ్ మా ముందుకొచ్చి ఆగాడు, ముఖమంతా మట్టి, మట్టి మధ్య పళ్ళు. ఆగయ్య ఆయన్ని చూడనైనా లేదు. వంగి, వేలు తడిచేసుకొని మెడ కింద అతుకు పొడవునా రాశాడు. ఎక్కడా సన్నగీత కూడా లేదు. బన్నీని లాక్కొని భుజాల మీద కూర్చోబెట్టుకొని, సదర్ డప్పుకు ఆడినట్టే ఆడాడు. "విరగలే! విరగలే రా బన్నీ!"

ఆ తర్వాత ఆగయ్య చేతి సైకిళ్ళు చాలా గుట్టలు దిగాయి. ప్రతిదాని మెడ కిందా ఆ మూడు మూలల పలక ఉంటుంది. సదర్ వచ్చిందంటే దానికో గవ్వల దండ కడతారు.

మొన్న బన్నీ కోసం చిన్న సైకిల్ చేసిచ్చాడు. శాలిబండ ఎత్తు మీద వాణ్ణి ఎక్కించి, సీటు గట్టిగా పట్టుకొని నిలబడ్డాను. వాడు "వదులమ్మా" అంటాడు, నేను వదలను. దుకాణం లోపలి నుంచి ఆగయ్య తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"ఎనక పట్టుకుంటే పోరడు నీ చెయ్యినే నమ్ముకుంటడు బిడ్డా. కిందికి పో. దిగే కాడ నిలబడు. నిన్ను సూసుకుంట వస్తడు."

ఇప్పుడు రోజూ సాయంత్రం వాడికంటే ముందు నేనే ఆ ఎత్తు దిగుతాను. కింద మలుపు దగ్గర, వాడికి కనబడేలా నిలబడి, చెయ్యి ఊపుతాను.