గాజులు పగిలిన చప్పుడు

మాది ఎమ్మిగనూరు. మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుము పట్టేయడంతో కిందటేడాది ఆదోనిలో ఒక వ్యాయామ కేంద్రానికి వెళ్లేదాన్ని. కొన్నాళ్లు డంబెల్స్ ఎత్తించి, ఆ తర్వాత పైలేట్స్ మెషిన్ ఎక్కించారు. అది పట్టాల మీద జరిగే పరుపు. దానికి కింద స్ప్రింగులు, ఒక చివర కాళ్లు ఆనించడానికి కదలని కడ్డీ.

"డంబెల్ అయితే పెట్టిన సోటే ఉంటాది అక్కా. ఇది నువ్వు ఎంత దూరం తోస్తే అంత గట్టిగా ఎనక్కి లాగుతాది. కాళ్లు ఒక్కసారిగా తీయొద్దు" అని ట్రైనర్ అమ్మాయి చెప్పింది.

పరుపు మీద పడుకుని, కడ్డీకి కాళ్లు తన్నిపెట్టి వెనక్కి తోశాను. అంతలో నా ఫోన్ కింద పడింది. తోడొచ్చిన మా వదిన దాన్ని తీయడానికి వంగి, పరుపుకీ కడ్డీకీ మధ్య చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే నా పిక్క పట్టేసి కాళ్లు జారాయి. పరుపు ధడేల్మని దూసుకొచ్చింది. గాజులు పగిలిన చప్పుడు!

"వదినా, చెయ్యి!" అని అరిచాను. తల ఎత్తి చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను.

"ఏం కాలేదు మే. ఈ ట్రైనర్ పాప నా చెయ్యి ఎనక్కి లాగేసింది. గాజులే పోయినాయి" అంది వదిన.

తిరుగు బస్సు ఊరు చేరేదాకా నేను వదిన చెయ్యి వదల్లేదు.

"సెమట పడతాంది, ఇంక వదులు మే" అని ఆమె నవ్వింది.

ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వుతో పాటు వణుకూ వస్తుంది.