మూడో ఉత్తరం చూడకముందే

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే ముందుగా నవ్వేది నేనే. మా అత్తగారు ఒకసారి పెరట్లో తెల్లగా ఏదో ఊగుతోందని వణికిపోతుంటే, వెళ్లి తీగ మీద ఆరేసిన మా ఆయన పంచె పట్టుకొచ్చి ఆవిడ ముందు పడేశాను. ఆవిడకి భయం పోయింది గానీ నా మీద కోపం చాన్నాళ్లు పోలేదు. ఇప్పటికీ నేను దెయ్యాల్ని నమ్మను. ఈ సంగతి రాస్తున్నది నమ్మకం కుదిరి కాదు. నా దగ్గర ఒక కాగితం ఉంది, దానికి సంజాయిషీ నేను చెప్పలేకపోతున్నాను, అందుకు.

నా పని చేతిరాతలు పరీక్షించడం. దొంగ సంతకాలు, దిద్దిన వీలునామాలు, బెదిరింపు ఉత్తరాలు, ఇవే నా బతుకంతా. ప్రభుత్వ ల్యాబులో రిటైరయ్యాక ఏలూరులో మా ఇంటి ముందుగదిలోనే ఒక టేబులు, మైక్రోస్కోపు పెట్టుకుని, లాయర్లు పంపే కాగితాలు చూస్తుంటాను. నోరు కాస్త దురుసు. మా ఆయన నన్ను వెనకేసుకొచ్చే సందర్భాలు తక్కువే.

ఒకరోజు పొద్దున్నే డెబ్భై ఏళ్ల ఆవిడ, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ పేరు మంగమ్మ. కొల్లేటికోట పక్క ఊరు. కూతురు లక్ష్మి తాడేపల్లిగూడెంలో టిఫిన్ సెంటర్ నడుపుతోంది. మంగమ్మ గారు తువ్వాలులో చుట్టిన ప్లాస్టిక్ కవరు తీసి, రెండు ఉత్తరాలు టేబుల్ మీద పెట్టింది. నలభై ఏళ్ల నాటి కాగితాలు. నోటుబుక్కులోంచి చింపిన రూళ్ల కాగితాలు, బాల్‌పెన్ను రాత. కింద పేరు లేదు. ఆకాశరామన్న ఉత్తరాలు.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. ఆవిడ తమ్ముడు వెంకన్న ఒక తెల్లవారుజామున వలలు చూసుకోవడానికి దోనె వేసుకుని వెళ్లాడు. పొద్దెక్కాక గట్టు పక్కన నీళ్లలో కనిపించాడు. తల మీద దోనె నడిపే గెడకర్ర దెబ్బ. అంతకు రెండు రోజుల ముందు వల వేసే చోటు గురించి మంగమ్మ భర్త సుబ్బయ్యకీ, వెంకన్నకీ మాటా మాటా పెరిగింది. ఊరంతా విన్నారు. ఆ తర్వాత మంగమ్మ పుట్టింటికి ఒకదాని వెనక ఒకటి మూడు ఉత్తరాలు వచ్చాయి. మీ వాణ్ని చంపింది మీ అల్లుడే, నా కళ్లతో చూశాను, అని. పోలీసులు సుబ్బయ్యని తీసుకెళ్లి, సాక్ష్యం దొరక్క వదిలేశారు. రాసిందెవరో తేలలేదు. చంపిందెవరో కూడా తేలలేదు.

"మా నాన్న వచ్చెయ్యమన్నాడండీ," అంది మంగమ్మ గారు. "అప్పటికి ఇది నా కడుపులో ఉంది. వెళ్లిపోతే నమ్మినట్టు, ఉండిపోతే నమ్మనట్టు. ఉండిపోయానండీ. మాట్లాడ్డం మానేశాను."

నాకు అర్థం కాలేదు. ఎన్నాళ్లు మానేశారు అని అడిగాను.

"ఇదిగో, ఇవాళ్టి దాకానండీ."

లక్ష్మి తల దించుకుంది. మంగమ్మ గారు ఆయనకి అన్నం వండి పెట్టేది, బట్టలు ఉతికేది, జ్వరం వస్తే కాపు కాసేది. మాట మాత్రం లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గోడవైపు తిరిగి కూతురితో చెప్పేది. సుబ్బయ్య కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడిలో తడిబట్టలతో ఒట్టేశాడట. ఆ ఒట్టునీ నమ్మలేక, ఉత్తరాన్నీ కొట్టిపారెయ్యలేక ఈవిడ నలభై ఏళ్లు అలా ఉండిపోయింది. ఆయనేమో చేపల చెరువుకి కాపలా కుదిరి, గట్టు మీద పాకలోనే ఎక్కువ రోజులు ఉండేవాడు. ఇప్పుడు గట్టు మీద జారి పడి నడుం విరిగి మంచాన పడ్డాడు. ఎక్కువ రోజులు ఉండడని డాక్టరు చెప్పేశాడు.

"రాసిందెవరో నాకు అక్కర్లేదమ్మగారూ. వాడు రాసింది నిజమో అబద్ధమో చెప్పండి చాలు. ఆయన పోయేలోపు మాట్లాడాలో వద్దో నాకు తెలియాలి."

నేను విసుక్కున్నాను. చేతిరాత చూసి మనిషిని పోల్చగలం గానీ, రాసింది నిజమో అబద్ధమో ఎవరు చెప్పగలరు, జాతకం చెప్పించుకోవడానికి వచ్చారా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ ఖాళీ కవరు తువ్వాలులో చుట్టుకుని, ఉత్తరాలు వదిలేసి వెళ్లింది. మూడోది చింతలపూడిలో మంగమ్మ గారి అన్నగారి ఇంట్లో ఉందనీ, అన్న పోయాక ఎక్కడ పెట్టారో తెలియదనీ, వెతికిస్తాననీ లక్ష్మి చెప్పింది.

రెండు ఉత్తరాలూ చూశాను. రాసింది ఒక్కరే, పెన్నూ ఒక్కటే. టార్చి కాగితానికి పక్కవాటుగా వేసి కూడా చూశాను. పై కాగితం మీద గట్టిగా ఒత్తి రాస్తే కింది కాగితం మీద సిరా లేని గాట్లు పడతాయి. వెలుగు పక్కనుంచి పడితే ఆ గాట్లు నీడల్లా కనబడతాయి. ఈ రెండింట్లో అలాంటివేమీ లేవు. ఆ సంగతి నోట్సులో రాసి పెట్టాను.

ఇక నాకు ఒక అలవాటుంది. ఆ చెయ్యి ఎలా కదిలిందో తెలియాలంటే, ఆ రాతని చూస్తూ నేనూ రాస్తాను. ఒక్కో వాక్యం పదిసార్లు. తలకట్టు ముందు పెట్టాడా చివర పెట్టాడా, ఎక్కడ పెన్ను ఎత్తాడు, ఎక్కడ ఒత్తాడు, ఇవన్నీ చేతికి తెలుస్తాయి. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ పక్కన కూర్చుని, మొదటి ఉత్తరంలో చివరి వాక్యం రాస్తున్నాను. 'నా కళ్లతో చూశాను.' కరెంటు లేదు. చెమటలు. వీధిలో ఉల్లిపాయల బండివాడి మైకు. చల్లగాలి వీచడం, కుక్క ఏడవడం లాంటివి ఏవీ లేవు.

పదోసారి రాస్తుండగా మా ఆయన వంటింట్లోంచి టీ పెట్టమంటావా అని అడిగారు. తలెత్తి, పెట్టండి అన్నాను. మళ్లీ కాగితం చూసేసరికి పెన్ను ఇంకా కదులుతోంది.

పదో వాక్యం కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి.

'నేను చూడలేదు. నాచేత రాయించారు.'

పెన్ను కింద పడేసి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ముందు నామీద నాకే కోపం వచ్చింది. ముసలితనం, మధ్యాహ్నం కునుకు, ఆవిడ కథ బుర్రలో తిరగడం, అంతే అనుకున్నాను. మా ఆయన కూడా టీ పట్టుకొచ్చి చూసి, "కునుకు తీశావోయ్, ఒప్పుకో" అన్నారు. గొంతు వినిపించింది కదా, జవాబు చెప్పాను కదా అని ఆయన మీద అరిచాను. ఆ కాగితం మీద తేదీ, టైము వేసి ఆయన చేత సంతకం పెట్టించాను. అదీ ఉద్యోగంలో పడిన అలవాటే.

తర్వాత భూతద్దం కింద పెట్టాను. 

ఒకరి రాతని ఇంకొకరు చూసి రాస్తే గీతలో జంకు ఉంటుంది. ఎంత నేర్పరి అయినా సరే, వంపు దగ్గర పెన్ను ఆగుతుంది, సన్నగా వణుకుతుంది. నేను రాసిన పది వాక్యాల్లోనూ ఆ జంకు ఉంది. కింది రెండు వాక్యాల్లో లేదు. జంకు లేకుండా, ఎత్తాల్సిన చోట ఎత్తి, ఒత్తాల్సిన చోట ఒత్తి, ఎవరి రాత వాళ్లు రాసుకున్నట్టు ఉన్నాయి. కోర్టులో ఇలాంటి గీత చూపించి ఎందరి నోళ్లు మూయించానో. ఇప్పుడు నా నోరే పడిపోయింది.

ఇంకెవరికీ చెప్పలేదు. ఆ రెండు వాక్యాల వరకే ఫొటో తీసి, ఉత్తరాల ఫొటోలతో కలిపి, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికి పంపాను. ఇప్పుడు వేరే ఊళ్లో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఏమీ చెప్పకుండా పోల్చి చూడమన్నాను. మూడో రోజు ఫోన్ చేశాడు. గొంతులో ఒకటే సంబరం.

"అదే చెయ్యి మేడమ్, సందేహం లేదు. కాగితం కొత్తది కదండీ. అయితే మనిషి ఇంకా బతికే ఉన్నాడన్నమాట. ఎక్కడ పట్టుకున్నారు?"

పట్టుకోలేదురా అని ఫోన్ పెట్టేశాను. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. పొద్దున్నే సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకోవాలన్నా భయమేసింది.

ఈలోగా మంగమ్మ గారు ఫోన్ చేస్తూనే ఉంది. "ఏవన్నా తేలిందా అమ్మగారూ? మనిషి గంజి కూడా మింగట్లేదండీ." ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. చెబితే ఏమని చెప్పను? నా చెయ్యి రాసిందని చెప్పనా? ముప్పై ఏళ్లు రుజువు లేని మాట ఒక్కటి రాయని మనిషిని. చూస్తున్నానండీ, చూస్తున్నానండీ అంటూ నెట్టుకొచ్చాను. ఆ రోజులు వృథా చేసినందుకు నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉంటాను.

మామూలుగా అయితే పోల్చడానికి రాతలేమీ లేవని రెండు ముక్కలు రాసిచ్చి, ఉత్తరాలు తిప్పి పంపేసేదాన్ని. ఆ మూడో ఉత్తరం కోసం నేనే బస్సెక్కి చింతలపూడి వెళ్లానంటే, అది ఆ కాగితం పెట్టిన పోరే. అన్నగారి కోడలు లేదండీ, పోయిందండీ అంటూనే మూడు పెట్టెలు దించింది. చివరికి వెంకన్న ఫొటో ఫ్రేము వెనక అట్టకీ ఫొటోకీ మధ్య దొరికింది. ఆ ఫ్రేము మేకులు ఊడదీసింది నా కళ్లముందే. మేకులు తుప్పు పట్టి అట్టకి అంటుకుపోయి ఉన్నాయి. అంతకుముందు దాన్ని ఎవరూ విప్పలేదని నేను ఎక్కడైనా చెప్పగలను.

ఇంటికొచ్చి, పట్టపగలే కర్టెన్లు వేసి, టార్చి పక్కవాటుగా పెట్టాను. సిరాతో రాసింది పాత మాటే, కాస్త పొట్టిగా. దాని కింద ఖాళీ జాగాలో సిరా లేని గాట్లు కనిపించాయి. రెండు వాక్యాలు. నా చెయ్యి రాసిన మాటలే, అదే వరస.

పై కాగితం మీద ముందు అది రాశాడన్నమాట, ఆ మనిషెవరో. రాసి, చింపేసి, కింది కాగితం మీద మళ్లీ అబద్ధమే రాసి పంపాడు. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఎవరి కోసమో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని కైకలూరు మీదుగా వాళ్ల ఊరు వెళ్లాను. రెండు పక్కలా చేపల చెరువులు, మేత వాసన. మంగమ్మ గారు ఎదురొచ్చింది. టార్చి వేసి గాట్లు చూపించాను. ఆవిడకి చదువు రాదు. లక్ష్మి చదివి వినిపించింది. నేను జాగ్రత్తగానే చెప్పాను. దీన్నిబట్టి మీ ఆయన చంపలేదని తేల్చలేమండీ, చూశానన్నవాడు చూడలేదని మాత్రమే తేలింది, అని.

"నేను పట్టుకు వేళ్లాడింది ఆ చూశానన్న మాటనే కదండీ," అంది.

లోపలికి వెళ్లింది. సుబ్బయ్య గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ మంచం పక్కన నిలబడి పమిట సర్దుకుంది. గొంతు రాలేదు. రెండోసారికి వచ్చింది. "ఏవయ్యా." ఆయన కదల్లేదు. "ఏవయ్యా, ఇటు చూడు." కదల్లేదు.

ఆవిడ మాకేసి తిరిగింది. "కోపం ఉండదా మరి," అంది.

లక్ష్మి గుమ్మం దగ్గర కూలబడిపోయింది. "కోపం కాదమ్మా. నాన్నకి నాలుగేళ్లుగా చెవులు వినపడవు. నేను సైగలతోనే చెప్తాను. నువ్వెలాగూ మాట్లాడవు కదా, నీకు చెప్పి ఏం లాభంలే అనుకున్నాను."

మంగమ్మ గారు నుదురు మీద టపటపా కొట్టుకుంది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోదు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఆయనకి అక్షరాలు వచ్చండీ, మీరు రాసి చూపించండి అంది. నువ్వు చంపలేదని తెలిసింది, నేను తప్పు చేశాను అని రాయమంది. పెన్ను పట్టుకోవాలంటే భయం, అయినా పెద్ద అక్షరాలతో రాశాను. ఈసారి నా రాతే వచ్చింది.

లక్ష్మి ఆయన్ని ఇటు తిప్పి కళ్లజోడు పెట్టింది. ఆయన అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. చివరిదాకా చదివి మళ్లీ మొదటికి వెళ్లాడు. తర్వాత మంగమ్మ గారిని చూసి, చెవులు వినపడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు.

"ఎవరు చెప్పారే నీకు?"

ఆవిడ నాకేసి చూసింది. లక్ష్మీ చూసింది. మూడో ఉత్తరం నా సంచిలోనే ఉంది, తీసి చూపిస్తే సరిపోయేది. కానీ ఆ ఉత్తరం కోసం నన్ను చింతలపూడి పంపిందెవరు? ఆయన అడిగింది అదే అనిపించింది నాకు. కాగితం చేతిలో ఉంది, పెన్నూ ఉంది. ఒక్క అక్షరం రాయలేకపోయాను.

సుబ్బయ్య గారు ఇంకో పదకొండు రోజులు ఉన్నాడు. వినపడదని తెలిసినా మంగమ్మ గారు మంచం పక్కన కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉందని, ఆయన ఆవిడ నోటికేసి చూస్తూ ఉండేవాడని లక్ష్మి ఫోన్‌లో చెప్పింది. చంపిందెవరో, రాసిందెవరో, రాయించిందెవరో ఇవాళ్టికీ తెలియదు. ఆ మధ్యాహ్నం నా పెన్ను పట్టుకున్నదెవరో అంతకంటే తెలియదు. ఆయన అడిగిన మాటకి నేను ఇంకా బాకీనే.