చెయ్యి ఎత్తేదాకా

సిరిసిల్లలో మగ్గాల షెడ్డు పక్క గదిలో వినోద లాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుంటుంది. జుట్టు ముడిలో పెన్సిల్, నోట్లో సోంపు. తన బాపు హనుమండ్లు గీసిన చీర అంచులన్నీ చెడిపోయిన పాత కంప్యూటర్ డిస్కులో ఉండిపోయాయి. అలాంటి కంప్యూటర్ ఉంటే తప్ప అవి తెరుచుకోవు. అందుకే దాన్ని లాప్‌టాప్ లోపల ప్రోగ్రాముగా కడుతోంది. పాతది అడిగే మెమరీ అడ్రసులను కొత్తదాంట్లోని చోట్లకు మళ్లించడం కుదిరింది. డిస్కు తన పని అయిందని ప్రాసెసర్‌ను పిలిచే దగ్గరే అంతా బిగుసుకుపోతోంది.

"ఇడిచిపెట్టు బిడ్డా, మల్ల గీస్త తియ్యి," అన్నాడు బాపు.

"నీ చెయ్యి వణుకుతున్నది గదా బాపూ. నేనైతే ఇడువ."

ఒక పొద్దున తల్లి బాపును చాయ్‌కి పిలుస్తూ షెడ్డులో లైటు ఆర్పి వెలిగిస్తోంది. మగ్గాల మోతలో గొంతు వినపడదు. చూసినట్టు బాపు చెయ్యి ఎత్తేదాకా ఆమె స్విచ్ వదలదు. అది చూస్తున్న వినోద నోట్లో సోంపు నమలడం ఆగింది. తన ప్రోగ్రాంలోని డిస్కు ఒక్కసారి పిలిచి, ప్రాసెసర్ విన్నదో లేదో చూడకుండానే పిలుపు ఆపేస్తోంది! ఆ చోటు దిద్దింది. సాయంత్రానికి తెర మీద బాపు గీసిన గవ్వల అంచు విచ్చుకుంది.

వినోద లేచి షెడ్డులోకి పోయింది. బాపు అటు తిరిగి తెగిన పోగు ముడివేస్తున్నాడు. లైటు ఆర్పింది, వెలిగించింది, మళ్లీ ఆర్పింది. ఆ వణికే చెయ్యి పైకి లేచేదాకా ఆపలేదు.