గోదాం కాంటాలో తగ్గని బరువు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆర్మూర్‌లో ఒక పసుపు గోదాంలో తూకం వేస్తున్నాను. బస్తా ఎంత ఉంటుందో కంటితో చూసి చెప్పగలను. కానీ చెప్పను, కాంటా మీద పెట్టాకే చెబుతాను. మనుషుల మాటైనా అంతే, రుజువు లేనిదే నమ్మను. కాబట్టి ఇది చదివి మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు.

గోదాంలో హమాలీలు నన్ను వెనకాల ‘రెండు బస్తాల గంగన్న’ అనేవారు. మా బస్తా డెబ్బై కిలోలు, లెక్క సరిగ్గానే ఉండేది కాబట్టి నేనూ ఏమీ అనేవాణ్ని కాదు. అసలు బాధ వేరే. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోయేది. నా భార్య సుజాత లేచి కూర్చుని కుదిపితే మళ్లీ అందుకునేది. హైదరాబాద్‌లో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ తప్పదన్నాడు. ఆలస్యమైతే ఏదో ఒక రోజు నిద్రలోనే పోవచ్చని మొహం మీదే చెప్పాడు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు నీళ్ల తిండి. ప్రొటీన్ పొడి కలిపిన నీళ్లు, పలుచటి మజ్జిగ, వడగట్టిన పప్పు తేట. అంతే. కాలేయానికి పట్టిన కొవ్వు కరగాలట. కనీసం ఐదు కిలోలు తగ్గి రాకపోతే వెనక్కి పంపిస్తానన్నాడు.

ఆ రోజు ఆస్పత్రిలో నా బరువు నూట నలభై మూడు కిలోల రెండు వందల గ్రాములు. ఇంట్లో మిషన్ అంత బరువు చూపించదు. అందుకని మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే, సరుకు దిగకముందు, గోదాం కాంటా ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఆస్పత్రి అంకే వచ్చింది.

నాలుగో రోజూ అదే అంకె. ఆరో రోజూ అదే. వంద గ్రాములు అటూ ఇటూ కాలేదు. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి, ప్యాంటు జారిపోతోంది, అంకె మాత్రం కదలదు.

ముందు కాంటా మీద అనుమానం వచ్చింది. ఇరవై కిలోల తూకం రాళ్లు ఏడు పెట్టాను, సరిగ్గా నూట నలభై చూపించింది. నాతో పనిచేసే ఖాజా భాయ్‌ని ఎక్కించాను. అరవై రెండు. ఆయన ఎప్పుడూ అంతే. తర్వాత ఖాజా భాయ్ మీదే అనుమానం వచ్చింది. పళ్లెం అంచును కాలి బొటనవేలితో తొక్కి తూకం పెంచే పాత విద్య ఒకటి మా పనిలో అందరికీ తెలుసు. ఆయన్ని పది అడుగుల దూరం నిలబెట్టాను.

“గంగన్నా, ఇరవై ఏండ్ల దోస్తాన మనది. నా మీదనే శక్ జేస్తున్నవా?” అన్నాడు.

సిగ్గేసింది. అయినా ఆయన్ని నిలబెట్టే ఎక్కాను. అదే అంకె.

సుజాతకు మాత్రం అనుమానమంతా నా మీదే, దొంగచాటుగా ఏదో తింటున్నానని. నేను గోదాం నుంచి రాగానే చొక్కా వాసన చూసేది. స్కూటర్ డిక్కీ వెతికేది. బెల్టుకు కొత్త రంధ్రం పడిందని చూపిస్తే, అది నేనే కావాలని పొడిచానంది. తొమ్మిదో రోజు స్వయంగా గోదాంకు వచ్చి, నేను కాంటా ఎక్కితే అంకె చూసింది. ఇంటికొచ్చాక ఏడ్చింది.

“నాతోని అబద్ధమాడు, ఏం గాదు. నీ పాణంతోని ఆడకు” అంది.

దొంగతనం చేయకుండానే దొంగ అనిపించుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె కలిపే నీళ్లలో ఏదైనా కలుస్తోందేమోనని నేనూ అనుమానించాను. ఆ మాట ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.

గడువు రోజు వెనక్కి పంపిస్తారనే అనుకుంటూ ఆస్పత్రికి వెళ్లాం. నర్సు బరువు చూసింది. నూట ముప్పై ఆరు. సుజాత నమ్మలేక నన్ను మూడుసార్లు ఎక్కించింది. మూడుసార్లూ అంతే. రెండో రోజు ఆపరేషన్ చేశారు.

ఆ గొడవంతా కాంటా లోపమేనని సరిపెట్టుకున్నాను. ఈలోగా కాంటాలకు సీలు వేసే తూనికల శాఖవాళ్లు వచ్చి చూసి, కాంటాలో ఏ లోపమూ లేదన్నారని ఖాజా భాయ్ చెప్పినా పట్టించుకోలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆస్పత్రిలో చూపించుకుంటే తొంభై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. మర్నాడు పొద్దున సుజాతతో కలిసి గోదాంకు మిఠాయి పట్టుకెళ్లాను.

“ఎక్కు గంగన్నా, ఒక్క బస్తాకొచ్చినవా లేదా సూద్దం” అని ఖాజా భాయ్ నవ్వుతూ తోశాడు.

ఎక్కాను. నూట నలభై మూడు కిలోల రెండు వందల గ్రాములు.

ఖాజా భాయ్ నవ్వు ఆగిపోయింది. నేను దిగాను. మనిషి దిగగానే కాంటా సున్నాకు వస్తుంది, ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు రాలేదు. ఖాళీ పళ్లెం మీద నలభై ఐదు కిలోలు చూపిస్తూ నిలబడింది. నేను చూశాను, ఖాజా భాయ్ చూశాడు, సుజాత చూసింది. కాసేపటికి ఒక్కసారిగా సున్నా అయింది. నా తర్వాత ఇంకెవరో దిగినట్టు.

సుజాత అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

“ఇన్ని దినాలు ఉత్తగనే నిన్ను అనుమానపడ్డ” అంది.

ఆ కాంటా మళ్లీ ఎక్కలేదు. రోజూ దాని మీద బస్తాలు తూస్తూనే ఉన్నాను, గ్రాము తేడా రాదు. నా ఒంట్లోంచి తగ్గింది ఎక్కడికి పోయిందో, ఆ పూట నాతో ఏం నిలబడిందో ఇప్పటికీ నాకు తెలియదు. సుజాత ఇప్పుడు నా చొక్కా వాసన చూడదు. నేను ఇంట్లోకి అడుగు పెట్టాక, తలుపు వేసే ముందు, ఒకసారి నా వెనక్కి చూస్తుంది.