అంచు మడిచిన కప్పు

ఆ ఏడంతస్తుల ఆఫీసులో కాఫీ కలిపే మనిషిని అందరూ బాబాయి అనే పిలుస్తారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది గానీ, ఆ కార్డు ఎప్పుడూ చొక్కా జేబులో బోర్లా పడి ఉంటుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఎవరికి చక్కెర తక్కువ, ఎవరికి డాక్టరు వద్దన్నా రెండు చెంచాలు పడాలి, ఎవరు పై అధికారి పక్కనున్నప్పుడు మాత్రమే చక్కెర లేకుండా తాగుతారు, అన్నీ అతనికి కంఠతా. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, పనిలో వంక పెట్టడానికి లేదు. శుభ్రం అంటే ప్రాణం పెడతాడు. ఆ శుభ్రమే అతని కొంప ముంచింది.

కాఫీ గది మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన. ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. ఒక పక్క పొయ్యి, రెండో పక్క రెండు కుళాయిల తొట్టి. ఒక కుళాయి ఎప్పుడో చచ్చిపోయింది. రెండో కుళాయి కింద పదకొండేళ్ళపాటు అతని అక్క కప్పులు కడిగింది. అతను కలిపేవాడు, ఆవిడ కడిగేది. నీలం గీత ఉన్న తెల్లటి పింగాణీ కప్పులు, రెండు వందలు. గుడ్డపేలికను పిడిలోంచి దూర్చి అటూ ఇటూ లాగి తుడిచేది. "కప్పు లోపల ఎవరైనా కడుగుతార్రా. వేలు పెట్టే చోటు ఎవడు చూస్తాడు?" అనేది. అతను ఊఁ కొట్టేవాడు. ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఆరేళ్ళ కిందట కొత్తగా ఒక మేనేజరమ్మ వచ్చింది. ఆవిడ వచ్చిన నెలలోనే ఎవరో పెద్దమనిషికి ఇచ్చిన కప్పు అంచున లిప్‌స్టిక్ మరక కనిపించింది. పెద్ద రభస. మేనేజరమ్మ అతన్ని గదిలోకి పిలిచి, కుర్చీ కూడా చూపించి, "ఏం చేద్దాం బాబాయ్?" అని అడిగింది. అంతటి మనిషి తనని సలహా అడిగేసరికి ఇతగాడు ఉబ్బి తబ్బిబ్బయిపోయాడు. దానికితోడు, బరువైన ట్రేలు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. "కాగితం కప్పులు పెడితే ఏ గొడవా ఉండదమ్మా. తాగడం, పారేయడం. కాగితమే కదా, మళ్ళీ కాగితమే అవుతుంది" అన్నాడు. ఎక్కడో విన్న మాట, నోటికొచ్చింది, అనేశాడు.

నెల తిరిగేసరికి కాగితం కప్పులు వచ్చాయి. తొట్టి దగ్గర మనిషితో పని లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం అక్కని పిలిచి, రేపటినుంచి రానక్కరలేదన్నారు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు, ఇతను ఏమన్నాడో తెలుసా? "వీళ్ళకి మనుషులంటే లెక్కలేదక్కా" అన్నాడు. అని, ఆవిడ భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఈనాటికీ అతనికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

అక్క ఊరి చివర పాతకాగితాల షెడ్డులో చేరింది. పొడవాటి బెల్టు మీద చెత్తకాగితం కదులుతూ పోతుంటే రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి, పనికిరానిది ఏరి పారేయాలి. ఏరిన కాగితాన్ని యంత్రంలో మూటలుగా నొక్కి మిల్లుకి పంపుతారు. ఇతను చేసిన పాపాన్ని ఎలాగైనా కడుక్కోవాలని, తన ఆఫీసులో అంతస్తుకొక కాగితాల డబ్బా పెట్టించాడు. తాగి పారేసిన కప్పులన్నీ సాయంత్రం తనే పోగుచేసేవాడు. నీళ్ళలో జాడించి, ఆరబెట్టి, యాభయ్యేసి ఒకదానిలో ఒకటి దూర్చి, దుమ్ము పడకుండా పై కప్పు అంచు లోపలికి మడిచేవాడు. మూడు నొక్కులు, చివర ఒక మెలిక. చిన్నప్పుడు అమ్మ పనిచేసే కొట్లో పొట్లాలు కట్టడానికి అక్క నేర్పిన మడత అది. అలా కట్టలు కట్టి కాగితాల డబ్బాలో వేసేవాడు. లారీ వచ్చి అక్క పనిచేసే షెడ్డుకే పట్టుకుపోయేది. మేనేజరమ్మ మెచ్చుకుని, చేతిలో కాగితం కప్పుతో అతని ఫొటో తీయించి నోటీసు బోర్డులో పెట్టించింది. కింద 'పర్యావరణ మిత్రుడు' అని రాయించింది. ఎంత వైభోగం.

ఒక ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. బావ తినేసి పక్కగదిలో గుర్రు పెడుతున్నాడు. అక్క వడ్డిస్తూ మాటల్లో పడింది.

"మా షెడ్డుకి ఒక మహానుభావుడు తగిలాడురా. కాగితాల్లో కాఫీ కప్పులు పంపిస్తాడు. ఊరికే కాదు, కడిగి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, రోకలిబండల్లా చేసి మరీ పంపిస్తాడు."

"కడిగితే మంచిదేగా అక్కా?"

"ఏం మంచి? కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాగితం నానుతుంది, అది చచ్చినా నానదు. విడిగా వస్తే కంటపడతాయి, తీసేస్తాం. కట్టలు కట్టేసరికి కాగితాల కింద దూరి, నొక్కుడు యంత్రంలోకి పోతున్నాయి. మిల్లువాళ్ళు రెండుసార్లు లారీ వెనక్కి కొట్టారు. మూడోసారి కప్పులు కనబడితే ఇంక మా సరుకే వద్దన్నారట. మేస్త్రీ చెప్పేశాడు, అప్పుడు మేమందరం ఇంటికే."

అతను ముద్ద కంచంలోనే వదిలేశాడు. మంచినీళ్ళు తాగాడు. "వాడెవడో దొరికితే ఏం చేస్తావు?" అన్నాడు, నవ్వినట్టు మొహం పెట్టి.

"ఏం చేస్తాను. తీసుకొచ్చి బెల్టు దగ్గర నిలబెడతాను. కూర వేసుకో, ఏం తినడం లేదు."

వేసుకున్నాడు. తిన్నాడు. వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశాడు. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. కట్టలు నావేనక్కా అంటే సరిపోయేది. కానీ అక్కడితో ఆగుతుందా? అసలు ఆ కప్పులు ఎవరు తెప్పించార్రా అని అక్క అడిగితే? ఒక అబద్ధం తీగలాగితే రెండోది బయటికొస్తుందని భయం. ఒకసారి పని పోగొట్టాడు, ఇప్పుడు రెండోసారి పోగొట్టబోతున్నాడు.

సోమవారం పొద్దున్నే ఒక కప్పుని తొట్టిలో వేసి నానబెట్టాడు. మధ్యాహ్నానికి కాగితం గుజ్జయిపోయింది. మిగిలింది చేతిలోకి తీసుకున్నాడు. ఉల్లిపొరంత పల్చటి పొర, కప్పు ఆకారంలోనే ఉంది. లాగితే సాగింది, తెగలేదు. ఆరేళ్ళుగా అన్నీ తెలిసినవాడిలా అందరికీ చెప్పుకొచ్చాడే, కాగితమే కదా అని.

మరి ఈ కప్పులు ఎక్కడ వెయ్యాలి? ఊడ్చే మనిషిని అడిగితే, మామూలు చెత్త డబ్బాలో వేస్తే ఊరవతల చెత్తగుట్టకి పోతాయని, అక్కడ ఏడాది పొడుగునా పొగ వస్తూనే ఉంటుందని చెప్పింది. అక్కడికి పంపడానికి చెయ్యి రాలేదు. మేనేజరమ్మకి చెబుదామా అంటే, నోటీసు బోర్డులో తన ఫొటో తన వంకే చూస్తోంది. చివరికి తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా, కట్టలన్నీ కాఫీ గది వెనక స్టోరులో దాచడం మొదలుపెట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.

రోజుకి పదమూడు కట్టలు. అంతకుముందు ఏ రోజువి ఆ రోజే వెళ్ళిపోయేవి కాబట్టి ఎన్నో అతనికి ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు కళ్ళముందే పెరుగుతున్నాయి. మూడో రోజుకి ఒక గోడ కనబడలేదు. ఆరో రోజుకి లోపలికి పక్కగా నడవాల్సి వచ్చింది. ఎనిమిదో రోజు తలుపు భుజంతో నెట్టి మూశాడు. ఎనిమిది రోజులకే ఇంత అయితే, ఆరేళ్ళకి ఎంతో లెక్కవేయబోయి మానేశాడు.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకి, ఏడో అంతస్తులో కాఫీలిచ్చి దిగొచ్చేసరికి స్టోరు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క కట్ట లేదు. మేనేజరమ్మ చేతిలో ఏదో కాగితంతో నిలబడి ఉంది.

"రేపు తనిఖీ ఉంది బాబాయ్, ఖాళీ చేయించేశాను. మీరు దాచిన కప్పులన్నీ కాగితాల లారీలో వేయించాను. ఎంత ఓపికండీ మీకు."

"లారీ వెళ్ళిపోయిందా అమ్మా?"

"అరగంట అయింది."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. పొయ్యి ఆర్పి, ఏప్రన్ విప్పి తొట్టి మీద పడేసి, మెట్లు దిగి రోడ్డున పడ్డాడు. ఇరవై రెండేళ్ళలో పదకొండు గంటల కాఫీ సగంలో వదిలేసి వెళ్ళడం అదే మొదలు. బస్సులో కూర్చోలేక నిలబడే వెళ్ళాడు.

షెడ్డు రేకుల కప్పు కింద పొయ్యిలా ఉంది. ఆడవాళ్ళందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఉన్నారు. లారీ సరుకు దింపేసింది, కుప్పలో ముందు భాగం అప్పుడే బెల్టు ఎక్కుతోంది. అక్క మూడో స్థానంలో నిలబడి ఉంది.

"అక్కా, బెల్టు ఆపించు. ఆ కుప్పలో కప్పులున్నాయి. నూట నాలుగు కట్టలు."

"ఎవరివి?"

"నావి."

అక్క చెయ్యెత్తి మేస్త్రీకి సైగ చేసింది. బెల్టు ఆగింది. ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడాది నుంచీ. మూడు నొక్కులు, ఒక మెలిక. నేను నేర్పిన మడత నాకు తెలీదా?"

"మరి ఆ ఆదివారం..."

"నువ్వే చెప్తావేమోనని చూశాను. కూర వేసుకుని తిని వెళ్ళిపోయావు."

అతనికి తల కొట్టేసినట్టయింది. "మేస్త్రీకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ బిల్డింగుని పట్టుకుంటాడు. వాళ్ళు ఎవర్ని అడుగుతారు, నిన్నేగా. నీ కూతురి చదువు పూర్తికాలేదు, నీ ఉద్యోగం పోతే ఎలా అని కంటపడ్డవన్నీ నేనే ఏరేస్తూ వచ్చాను. రెండుసార్లు తప్పిపోయాయి."

ఇంక ఆగలేకపోయాడు. నలుగురూ వింటున్నారని కూడా చూడలేదు. "నీ ఉద్యోగం పోగొట్టింది నేనేనక్కా. కాగితం కప్పులు పెట్టమని మేనేజరమ్మకి చెప్పింది నేనే. నీ సంగతి ఆలోచించలేదు. నా మోకాళ్ళ సంగతి ఆలోచించుకున్నాను."

ఈ సంగతి మాత్రం ఆవిడకి తెలియదు. మొహం చూస్తేనే తెలిసింది. గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుని, కుప్ప వైపు నడిచి, వంగి ఏరడం మొదలుపెట్టింది. అతనూ పక్కన వంగాడు. మిగిలిన ఆడవాళ్ళూ వచ్చారు. "మీ తమ్ముడా? మంచి పనిమంతుడే" అని ఒకావిడ దెప్పింది. రెండు గంటలు పట్టింది. వేళ్ళు కోసుకుపోయాయి. నూట మూడు దొరికాయి. ఆ ఒక్కదాని కోసం కుప్పంతా మళ్ళీ తిరగేశారు. నలిగిన అట్టపెట్టె అడుగున అతనికే దొరికింది. ఆ రోజు మూటలు శుభ్రంగా మిల్లుకి వెళ్ళాయి, వెనక్కి రాలేదు.

అతను వెళ్ళబోతుంటే అక్క వెనకనుంచి అడిగింది. "పాత పింగాణీ కప్పులు పారేశారా?"

"లేదు. స్టోరు అటక మీద ఉన్నాయి. నేనే పెట్టాను."

ఆవిడ తల తిప్పుకుంది.

మర్నాడు మేనేజరమ్మ ముందు నిలబడి మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. తన ఫొటో తీసేయమన్నాడు. అక్కని మళ్ళీ పనిలోకి తీసుకోమని కూడా అడిగాడు. "ఆ పోస్టే ఇప్పుడు లేదు బాబాయ్" అందావిడ. పింగాణీ కప్పులు కావాలంటే మూడో అంతస్తుకి మాత్రం, ఒక నెల చూద్దామంది. ఎవరు కడుగుతారంటే, నేనే అన్నాడు. తక్కిన అంతస్తులకి కాగితం కప్పులే. వాటిని చెత్తగుట్ట డబ్బాలోనే వేస్తున్నాడు, వేసిన ప్రతిసారీ మొహం తిప్పుకుంటాడు.

మూడో అంతస్తు కప్పులే రోజుకి తొంభై. మొదటి రోజుకే నడుం పట్టేసింది. మూడో రోజుకి వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. అక్క రెండు వందలు, రోజుకి మూడుసార్లు కడిగేది. పక్కనే నిలబడి పదకొండేళ్ళు చూశాడు, ఒక్కనాడు ఒక్క కప్పు అందుకోలేదు.

ఆదివారం ఒక నీలం గీత కప్పు గుడ్డలో చుట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. వెళ్ళి బల్ల మీద కప్పు పెట్టాడు. ఫ్లాస్కు దాని పక్కన పెట్టాడు. అక్క కప్పు చేతిలోకి తీసుకుని, లోపల చూడకుండానే తిరగేసి, పిడిలోకి చిటికెన వేలు దూర్చి తిప్పింది. బయటికి తీసిన వేలి మీద సన్నటి గోధుమరంగు మరక. దాన్ని అతని మొహం ముందు పెట్టింది.

"మళ్ళీ కడుక్కురా."

అతను కప్పు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. గుడ్డపేలిక ఒకటి వచ్చి పక్కన పడింది. తలెత్తి చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అతను పేలికను పిడిలోంచి దూర్చి లాగడం మొదలుపెట్టాడు. ఫ్లాస్కు మూత ఆవిడ ఇంకా తీయలేదు.