కోడలికి నేను తొడిగించిన గాజులు

మాది తమిళనాడులో ధర్మపురి దగ్గర పెన్నాగరం. పోయిన ఆషాఢంలో, ఇక్కడి ఆడి నెల పండగనాడు జరిగిన సంగతి ఇది.

మా మనవరాలికి ఎనిమిదేండ్లు. పుట్టినప్పటి నుంచి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. స్నానానికీ తిండికీ కోడలే ఎత్తాల. ఆ కోడలు జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, గాజులు కూడా మానేసింది. మొగుడు ఉండంగా బోడిచేతులతో తిరిగేదేమని నాకు ఏండ్ల తరబడి మంట. మా అమ్మ ఒక్క గాజు చిట్లితే ఇంకోటి తొడిగేదాకా నీళ్ళు తాగేది కాదు.

ఆపొద్దు డజను మట్టిగాజులు తెచ్చి కోడలి ముందర పెట్టినాను.

"వద్దు మామా, పాపకు..." అనింది.

"పాప పేరు చెప్పి ఎన్నాళ్ళు తప్పించుకుంటావు? తొడుక్కో!" అని అరిచినాను.

రెండు చేతులకూ తొడుక్కొనింది.

గంట గడవలేదు. స్నానానికి ఎత్తేటప్పుడు పాప ఒళ్ళు కొయ్య మాదిరి బిగుసుకొనింది. జారిపోకుండా కోడలు అదిమి పట్టుకుంటే గాజులు పటపటా చిట్లినాయి. కేక విని పోయి చూస్తే పాప కంటి కింద నెత్తురు. కన్ను పోయిందనే అనుకున్నాను. ఆసుపత్రిలో మూడు కుట్లు వేసినారు. కన్ను దక్కింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కోడలు మెల్లిగా అనింది: "పసిబిడ్డప్పుడు కూడా ఒకసారి ఇట్లే గీసుకొనింది మామా. అందుకే తీసేసినాను."

"ముందే చెప్పకూడదా?" అనబోయి నోరు మూసుకున్నాను. పొద్దున చెప్పబోయిందే కదా!

మరుసటి దినం నా ఉంగరం తీసి గూట్లో పెట్టి, పాప దగ్గరికి పోయినాను. "మెడ కింద చెయ్యి పెట్టండి మామా" అని కోడలు నేర్పించింది. ఈ ఎనిమిదేండ్లలో ఆ బిడ్డను నేను ఎత్తుకొనింది అదే మొదలు. ముందే ఒక్కసారి ఎత్తుకొని ఉంటే ఆ గాజులు కొనేవాణ్ని కాదు.