గొంతు వినే నర్సమ్మ

ఆత్మకూరు ఆసుపత్రిలో ఆ నర్సమ్మ ఏ పసిబిడ్డను ఎత్తుకున్నా ముందు గొంతు దగ్గర చెవి పెట్టేది.

మా రెండు నెలల వాడు పాలు తాగిన ప్రతిసారీ వెనక్కి విరుచుకుని గుక్కపట్టేవాడు. వాంతి లేదు, జ్వరం లేదు. ఉదయగిరిలో మా అమ్మ, "పొట్టమీద వాత పెట్టిద్దాంరా" అంది. వాతలు అనాగరికమని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను, బిడ్డ దక్కడేమోనన్న భయంతో నోరెత్తలేదు. నా భార్యే వాణ్ణి లాక్కుని ఆత్మకూరు బస్సెక్కింది; వెనకే నేనూ ఎక్కాను.

నర్సమ్మ చాలాసేపు విన్నది. "పైకొచ్చిన పాలు కక్కకుండా మళ్లీ మింగతా ఉండాడమ్మా. గొంతు మండతా ఉండాది. తాగినాక అరగంట నిలువుగా ఎత్తుకో. డాక్టరమ్మ కూడా చూస్తది."

తర్వాత వాడి చొక్కా ఎత్తి పొట్ట చూసింది. "వాత పెట్టనీలేదు. మంచి పని చేసినావు నాయనా" అంది నాతో.

వద్దన్నది నేను కాదని చెప్పబోయి, ఆ మాట మింగేశాను. ఆమె నా గొంతువైపే చూస్తోంది.